గంజాం తీరంలో ఒక సాయంత్రపు కేంద్రం: పిల్లలు, మనుషులు, సర్కారు డబ్బు

గోపాలపురానికీ రుషికుల్య నది మొగకీ మధ్య, సముద్రం ఒడ్డునే ఉన్న మత్స్యకార పల్లె ఇది. పిల్లల సంగతులు, ఇళ్ళ సంగతులు వస్తాయి కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. ఇక్కడివాళ్ళు వాడబలిజలు. ఒడియావాళ్ళు నోలియాలంటారు. మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడ్డ ఒడిశాలో చేరింది. ఈ పల్లెల్లో ఇళ్ళల్లో మాట మాత్రం ఇవాళ్టికీ తెలుగే. ఊరి బడి ఐదో తరగతి వరకు, ఒడియా మీడియం. ఆరో తరగతికి పక్క ఊరు వెళ్ళాలి.

బడి నాలుగింటికి వదులుతారు. తల్లులు ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర, ఎనిమిది. మా సంస్థ ఇక్కడ పెట్టిన సాయంత్రపు కేంద్రం పని మొత్తం ఈ మధ్య గంటల గురించే.

తల్లులకి ఎందుకంత ఆలస్యమవుతుందో తెలియాలంటే సముద్రం సంగతి కొంచెం తెలియాలి. రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపల మర బోట్ల వేట బందు. దానికి తోడు తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ఉంటుంది. తాబేళ్ళని కాపాడాల్సిందే, ఊళ్ళో ఎవరూ కాదనరు. కానీ ఆ ఏడు నెలల్లో మగవాళ్ళు మంగుళూరుకో గుజరాత్‌కో బోటు కూలికి పోతారు. ఇల్లు గడవడం ఆడవాళ్ళ మీద పడుతుంది. చిన్న పడవల మీద వచ్చిన చేపల్ని ఒడ్డున వేలంలో పాడుకుని, ఐసు వేయించుకుని, ఆటోలో బరంపురం మార్కెట్‌కి తీసుకెళ్తారు. సాయంత్రం బేరమే బేరం. ఆ పూట వదులుకుంటే మిగిలిన చేపని ఎండబెట్టుకోవాలి.

కేంద్రం పెట్టకముందు తల్లులతో కూర్చున్నప్పుడు ఒకావిడ అన్న మాట ఇది: "పిల్లల్ని ఎవుల్కి ఒగ్గీసి ఎల్లాలమ్మా? బడున్నంత సేపూ నిబ్బరంగుంటాది. నాలుగైందంటే ఇంక బేరం మీద బుద్ధుండదు." చదువు గురించి ఆవిడ ఏమీ అడగలేదు. పిల్లలు ఎవరో ఒకరి కంటి ముందు ఉండాలి, అంతే. మేం చదువు కోసం వెళ్ళాం, వాళ్ళు భద్రత అడిగారు. ఈ రెండూ ఒకే పని అని ఒప్పుకున్నాకే కేంద్రం నిలబడింది.

ఆ గంటల్లో ఏం జరిగేదంటే, తొమ్మిది పదేళ్ళ ఆడపిల్లలు చంకలో చెల్లినో తమ్ముణ్ణో ఎత్తుకుని గంజి కాసేవాళ్ళు. మగపిల్లలు అలల దగ్గర, లేకపోతే ఫోన్ ఉన్న ఇంటి అరుగు మీద. పుస్తకం సంచీలోంచి బయటికి వచ్చేది కాదు. వచ్చినా ఇంట్లో చదివిపెట్టేవాళ్ళు లేరు. తల్లికి ఒడియాలో బేరమాడడం వచ్చు, చదవడం రాదు.

నాలుగో తరగతి అమ్మాయి ఒకర్తి ఒడియా పాఠం గడగడా చదివేది. చదివిందేమిటని అడిగితే నేల చూసేది. ఆ అమ్మాయినే ఒకరోజు వాళ్ళమ్మ గంప లెక్క అడిగాం. పద్నాలుగు వందలకి పాడింది, ఐసుకి అరవై, ఆటోకి యాభై, పదిహేడు వందల యాభైకి అమ్మింది, చేతిలో ఎంత మిగిలింది? వేళ్ళు కూడా మడవకుండా "రెండు వందల నలభై" అంది. అంతటితో ఆగకుండా, "ఐసు సగమే ఏయించుంటే ఇంకో ముప్పై మిగిలేది, కానీ సేప మెత్తబడిపోద్ది" అంది. లెక్కల పుస్తకంలో అంతకంటే తేలికైన తీసివేత ఒడియా వాక్యాల్లో ఉంటే ఆ పిల్లే పలక పక్కన పెట్టేసేది. తెలివికి లోటు లేదు. ప్రశ్న అర్థమయ్యే దారి ఒకటి వేయాలి. అప్పట్నుంచి లెక్కల పాఠం గంప లెక్కతోనే మొదలుపెడుతున్నాం. ముందు తెలుగులో నోటితో చెప్తారు, తర్వాత ఒడియాలో రాస్తారు, ఆ తర్వాత బడి పుస్తకం తెరుస్తారు.

రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకి తగిన సదుపాయాలు కల్పించాలని రాష్ట్రాలకి చెబుతుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలంటుంది. ఊళ్ళో తెలుగు మీడియం అడగడం కంటే ముందు, ఒడియా మీడియంలో ఉన్న పిల్లకి తెలుగు ఆసరా ఇవ్వడం మా చేతిలో ఉన్న పని అనుకున్నాం. ఈ పిల్లలు రేపు బతకాల్సింది ఒడిశాలోనే కాబట్టి ఒడియా గట్టిగా రావాలి. దానికి మెట్టు తెలుగే.

చోటు

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఒడిశాలో పది లక్షల మందికి దగ్గరగా ముందే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు నిలబడ్డాయి. ఆ తీరంలో స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టర్లు కనిపిస్తాయి. వాటిని మామూలు రోజుల్లో ఊరి పనులకి వాడుకునేలాగే కట్టారు. మా పల్లె షెల్టరులో పెద్ద హాలు, ర్యాంపు, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరు మరుగుదొడ్లు ఉన్నాయి. తాళం మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు వేసే ఉండేది.

షెల్టరు కమిటీ ఒప్పుకోవడానికి రెండు షరతులు పెట్టింది. తుపాను హెచ్చరిక రాగానే గంటలో హాలు ఖాళీ కావాలి. సామాను ఏదీ నేల మీద పర్మనెంటుగా ఉండకూడదు. రెండూ న్యాయమైనవే. అందుకే చాపలు, పలకలు, పుస్తకాలు అన్నీ రెండు రేకు పెట్టెల్లో పట్టేటంతే కొన్నాం. తుపాన్ల కాలమైన అక్టోబరు, నవంబరులో ఆ పెట్టెలు బడి స్టోరు గదికి పోతాయి.

బడిలోనే పెట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పెట్టొచ్చు. బడి వేళలు కాని సమయంలో బడి భవనాలను సామాజిక చేతనా కేంద్రాలుగా వాడుకోవచ్చని 2020 జాతీయ విద్యావిధానంలోనే ఉంది. మా ఊళ్ళో బడికి కరెంటు ఉన్నా ప్రహరీ లేదు, వెనక గేటు నేరుగా సముద్రం వైపు. చీకటి పడ్డాక చిన్నపిల్లలతో అక్కడ వద్దని తల్లులే అన్నారు. వాళ్ళ మాట సరైనదని నా అభిప్రాయం.

అప్పలు

కేంద్రం నడిపేది ఇద్దరు ఊరి అమ్మాయిలు. ఒకామె ప్లస్ టూ, ఇంకొకామె మెట్రిక్. పిల్లలు వాళ్ళని "అప్పా" అని, అంటే అక్కా అని పిలుస్తారు. నాలుగున్నరకి తాళం తీస్తారు, ఏడున్నరకి ఒక్కో పిల్లనీ ఇంటివాళ్ళకి అప్పజెప్పి వేస్తారు. ఏప్రిల్‌లో బడి పొద్దుటి పూటకి మారినప్పుడు కేంద్రం వేళ కూడా ముందుకి జరుగుతుంది, ఎందుకంటే ఆ నెలల్లో పిల్లలు ఖాళీగా ఉండే గంటలు ఇంకా పెరుగుతాయి.

రాగానే గుగ్గిళ్ళు. ఊరి మహిళా సంఘం వంతులవారీగా శనగలో పెసలో ఉడకబెట్టి పంపుతుంది. మధ్యాహ్నం బడిలో తిన్నది నాలుగింటికే అరిగిపోతుంది, ఆకలితో ఉన్న పిల్లకి అక్షరం ఎక్కదు. తర్వాత అరగంట బడిపని. ఇది తల్లుల పట్టు. మాకు మొదట్లో ఇష్టం లేదు, కేంద్రం ట్యూషన్ అయిపోతుందేమోనని. కానీ బడిపని చేయని పిల్ల మర్నాడు బడికి పోవడానికి జంకుతుంది, కాబట్టి ఆ అరగంట ఉంచాం. ఆ తర్వాత చదవడం, గంప లెక్కలు, ఆట. పుస్తకాల కోసం స్టోరీవీవర్ బాగా పనికొచ్చింది. ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన ఉచిత కథల వేదిక అది. ఒకే కథ తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతుంది. రెండూ అచ్చు తీసి ఒక కవరులో పెడతాం. పిల్ల ముందు తెలుగు కథ వింటుంది, ఆ తర్వాత ఒడియా కథ తనే చదువుతుంది. కథ ముందే తెలుసు కనక ఒడియా అక్షరాల వెనక అర్థం దొరుకుతుంది.

ఆడపిల్లలు మొదట్లో రాలేదు. కారణం చిన్నపిల్లలు. చెల్లిని ఎక్కడ వదులుతారు? చెల్లిని కూడా తీసుకురమ్మన్న రోజు నుంచే వాళ్ళు వచ్చారు. ఇప్పుడు హాలు మూలలో ఒక పాత వల కట్టి లోపల చాప వేశాం. రెండు మూడేళ్ళ పిల్లలు అందులో ఆడుకుంటారు. ఇద్దరు అప్పల్లో ఒకరి చూపు ఎప్పుడూ అటే ఉండాలి. ఒక్క మనిషితో కేంద్రం నడపొచ్చని కాగితం మీద లెక్కలు వేసేవాళ్ళు ఈ మూలని చూసి వెళ్ళాలి.

డబ్బు

ఇక్కడ కొంచెం ఓపికగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ఇలాంటి కేంద్రాలు ఆగిపోయేది ఇక్కడే.

సర్కారు డబ్బు లేదనడం తప్పు. చాలా దారుల్లో ఉంది. బడి చదువుల కోసం సమగ్ర శిక్ష పథకం 2018లో మొదలైంది, ఒడిశాలాంటి రాష్ట్రాల్లో కేంద్ర ప్రభుత్వం 60, రాష్ట్రం 40 పాళ్ళలో భరిస్తాయి. అందులో ప్రతి బడికీ కాంపోజిట్ గ్రాంటు వస్తుంది. 101 నుంచి 250 మంది పిల్లలుంటే ఏడాదికి 50,000 రూపాయల దాకా. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకి పోవాలి. ప్రాథమిక బడి లైబ్రరీకి 5,000, ఆటసామానుకి మరో 5,000. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే నిపుణ్ భారత్ పథకం కింద పిల్లలకి బోధన సామగ్రి కోసం తలకి 500 దాకా. హెడ్‌మాస్టరు మంచి మనిషి. బీరువాలో ఉన్న లైబ్రరీ పుస్తకాలు, బంతులు, స్కిప్పింగు తాళ్ళు సాయంత్రం మాకు రిజిస్టరులో రాసి ఇచ్చేవారు. బడి పిల్లలే వాడుతున్నారు కాబట్టి ఆడిట్‌లో ఇబ్బంది రాలేదు.

పంచాయతీ దగ్గర 15వ ఆర్థిక సంఘం నిధులుండేవి. 2021-26 కాలానికి వాటిలో 60 శాతం నీళ్ళకీ పారిశుధ్యానికీ కట్టేసి ఉండేవి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాలకి, రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీల కోసం రాసిన 29 అంశాల్లో దేనికైనా. అందులో 17వది ప్రాథమిక, మాధ్యమిక విద్య, 20వది గ్రంథాలయాలు, 25వది స్త్రీ శిశు సంక్షేమం. పల్లిసభలో, అంటే ఊరి సభలో, తల్లులు లేచి అడిగితే షెల్టరు హాలుకి ఫ్యాన్లు, ట్యూబులైట్లు, మెట్ల దగ్గర లైటు వచ్చాయి. సభ ఒడియాలో జరుగుతుంది. ముందు రోజు రాత్రి మహిళా సంఘంలో ఎవరు ఏం అడగాలో తెలుగులో మాట్లాడుకుని, ఒడియా బాగా వచ్చిన ఇద్దరితో చెప్పించారు. తీర్మానం పుస్తకంలో రాసేదాకా ఎవరూ కదల్లేదు.

అయితే అదే ఆర్థిక సంఘం డబ్బులో జీతాలకీ సిబ్బంది ఖర్చుకీ పైసా వాడకూడదన్నది షరతు. కాంపోజిట్ గ్రాంటు కూడా బడి సామాను, మరమ్మతులు, కరెంటు కోసం. గుగ్గిళ్ళ సంగతి చూస్తే, పీఎం పోషణ్ కింద ప్రాథమిక తరగతుల పిల్లకి రోజుకి వంట ఖర్చు 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలు, బియ్యం వంద గ్రాములు. అది బడి పనిదినాల్లో మధ్యాహ్న భోజనానికి. సాయంత్రపు గుప్పెడు శనగలకి అందులో వీలు లేదు. బడులకి సాయం చేసేవాళ్ళ కోసం సర్కారు పెట్టిన విద్యాంజలి పోర్టల్‌లో వాలంటీర్లుగా పేర్లు రాసుకోవచ్చు, కానీ వాలంటీరుకి డబ్బు ఉండదు. ఊళ్ళో చదువుకున్న పేదింటి అమ్మాయి రోజుకి మూడు గంటలు ఏడాది పొడవునా ఊరికే ఎందుకు పని చేయాలి?

మనిషికి డబ్బున్న పద్దు ఒకటుంది. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లలకి ప్రత్యేక శిక్షణ. ఇంటి దగ్గరుండి వచ్చే పిల్లకి సమగ్ర శిక్షలో ఏడాదికి 6,000 రూపాయల దాకా వీలుంది. మా పిల్లలకి అది రాదు, ఎందుకంటే వాళ్ళ పేర్లు బడి రిజిస్టరులో ఉన్నాయి. అంటే బడి మానేసిన పిల్లని తిరిగి తేవడానికి డబ్బుంది, మానేయకుండా సాయంత్రం పట్టుకుని ఉండడానికి లేదు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. ఐదో తరగతి దాటి పక్క ఊరికి వెళ్ళాల్సిన పిల్ల మా కళ్ళముందే జారిపోతుంటే, పూర్తిగా జారిపోయాక రమ్మని చెప్పినట్టుంటుంది.

మనుషులకి డబ్బు పెడితే ఎలా ఉంటుందో దేశంలోనే చూడొచ్చు. తమిళనాడు 2021 అక్టోబరులో ఇల్లం తేడి కల్వి మొదలుపెట్టింది. కోవిడ్‌లో పోయిన చదువు కోసం సాయంత్రాలు ఊళ్ళల్లోనే తరగతులు. వాలంటీరుకి నెలకి వెయ్యి రూపాయలు. తక్కువే, కానీ రాష్ట్ర బడ్జెట్‌లో మనిషి పేరు మీద ఒక పద్దు పడింది. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం ఇరవై ఒకటో శతాబ్దపు సామాజిక అభ్యాస కేంద్రాల పేరుతో ఏడాదికి 130 కోట్ల డాలర్లకి పైగా ఇస్తుంది. 1994 నుంచీ ఉన్న కార్యక్రమం. రాష్ట్రం ఏడు శాతానికి మించి తన దగ్గర ఉంచుకోకూడదు, మిగిలింది బళ్ళకీ సంస్థలకీ పోటీ పద్ధతిలో మూడు నుంచి ఐదేళ్ళకి గ్రాంటుగా పోతుంది. అక్కడ ఆ డబ్బులో సిబ్బంది జీతాలే పెద్ద భాగం. సాయంత్రపు తిండికి వేరే పథకమే ఉంది. వాళ్ళ దేశం వేరు, ఖజానా వేరు. మనం తీసుకోవాల్సింది ఒక్కటే: సాయంత్రం పిల్లల దగ్గర కూర్చునే మనిషిది కూడా ఉద్యోగమేనని ముందు కాగితం మీద ఒప్పుకోవడం.

ఈ విషయం మాకు అనుభవంలోకి వచ్చింది. మొదటి ఏడాది అప్పలకి దాతల చందాల నుంచి ఇచ్చేవాళ్ళం. ఒక కంపెనీ ఒకసారి పలకలు, సంచులు ఇచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళింది, తర్వాత పలకరింపు లేదు. చందాలు ఆలస్యమైన వేసవిలో మెట్రిక్ చదివిన అప్ప గోపాలపురంలో ఒక హోటల్లో పనికి చేరింది. ఆ అమ్మాయిని ఎవరూ తప్పుపట్టలేదు. ఆమె మానేసిన కొద్ది వారాల్లోనే హాల్లో పిల్లలు సగమయ్యారు. ముందు ఆగినవాళ్ళు చంకలో పిల్లలున్న ఆడపిల్లలు, ఎందుకంటే వల మూలని చూసే మనిషి లేదు. లైట్లు, ఫ్యాన్లు, పుస్తకాలు, బంతులు అన్నీ అలాగే ఉన్నాయి.

దారి పంచాయతీ సొంత ఆదాయంలో దొరికింది. సంత వేలం, చెరువు లీజు లాంటి వాటి మీద వచ్చే డబ్బుకి ఆర్థిక సంఘం షరతులు వర్తించవు. పంచాయతీ తీర్మానం చేసుకుని ఖర్చు పెట్టుకోవచ్చు. బ్లాకు ఆఫీసులో మొదట ఫైలు వెనక్కి వచ్చింది, ఏ నిధి అన్నది స్పష్టంగా రాయలేదని. సర్పంచి, కార్యదర్శి కూర్చుని నిధి పేరు, తీర్మానం నంబరు, నెలలు రాసి మళ్ళీ పంపారు. ఒక అప్ప గౌరవ వేతనం ఇప్పుడు అక్కణ్ణించి వస్తోంది. రెండో అప్పకి మహిళా సంఘం, మా సంస్థ చెరి సగం. హోటల్‌కి వెళ్ళిన అమ్మాయి తిరిగి వచ్చింది.

ఇలాంటి కేంద్రం పెట్టాలనుకునేవాళ్ళకి నా సలహా: సామాను అడగడంతో మొదలుపెట్టకండి. ఫ్యాను ఏ పంచాయతీ అయినా ఇస్తుంది, ఇచ్చాక పని అయిపోయిందనుకుంటుంది. మొదటి సభలోనే మనిషి జీతం అడగండి. కాదంటే ఏ నిధిలో కాదో, ఏ నిధిలో వీలుందో రాసి ఇమ్మనండి. ఆ కాగితం రేపు పనికొస్తుంది.

ఫలితాలు, మిగిలినవి

పల్లె పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వే పద్ధతిలోనే మూడు నెలలకోసారి చదువు చూస్తాం: అక్షరం, మాట, పేరా, కథ. అక్షరాల దగ్గర ఆగిపోయిన పిల్లల్లో చాలామంది ఏడాది తిరిగేసరికి పేరా చదువుతున్నారు. ఆ మార్పులో బడికి కొత్తగా వచ్చిన మాస్టారికీ వాటా ఉంది, ఆయన గంప లెక్కల్ని తరగతిలో కూడా చెప్పించారు. బడి హాజరు వేట లేని నెలల్లో బాగా మెరుగైంది. తండ్రులు మంగుళూరు పోయిన ఇళ్ళ నుంచి కూడా పిల్లలు వస్తున్నారు.

మగపిల్లల సంగతి ఇంకా తెగలేదు. పన్నెండేళ్ళు దాటిన కుర్రాడికి సాయంత్రం వల లాగితే చేతిలో చేపో చిల్లరో పడుతుంది. జూన్ మధ్యలో నిషేధం ఎత్తేశాక వాళ్ళు హాలు ముఖం చూడరు. పుస్తకంతో ఆ పోటీ గెలవలేం. ఆరు, ఏడు తరగతుల పిల్లలకి ఆదివారం పొద్దున విడిగా కూర్చోబెట్టి ఇంజన్ రిపేరు, జీపీఎస్ చూడడం, వాతావరణ హెచ్చరిక చదవడం నేర్పిస్తున్నాం. ఊళ్ళో ఒక బోటు డ్రైవరన్న చెప్తున్నాడు. దాని కోసం పిల్లలు వస్తున్నారు, వచ్చినవాళ్ళు పక్క ఊరి బడి మానేయకుండా కొంతవరకు ఆగుతున్నారు.

ఇప్పుడు మేం బ్లాకు ముందు పెట్టిన లెక్క ఇది. ఇద్దరు అప్పలకి నెలకి మూడేసి వేలు, పది నెలలకి 60,000 రూపాయలు. హాల్లో నలభై మంది పిల్లలు. తలకి ఏడాదికి 1,500. బడి బయట ఉన్న పిల్లకి ప్రత్యేక శిక్షణలో పెట్టగలిగే 6,000లో నాలుగో వంతు. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని బడి నిర్వహణ కమిటీది. కమిటీలో నూటికి డెబ్బయి ఐదు మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్ళు ఉండాలన్నది కూడా చట్టమే. ఈ ఏడు ప్రణాళికలో సాయంత్రపు కేంద్రాన్ని విడిగా ఒక పద్దుగా రాయించాం. కమిటీలో చేపల గంప ఎత్తే తల్లులు ఐదుగురున్నారు. మార్కెట్‌కి వెళ్ళే ముందే, మధ్యాహ్నం రెండింటికి మీటింగు పెట్టమని వాళ్ళే అడిగారు, హెడ్‌మాస్టరు అలాగే పెట్టారు. తీర్మానం ప్రతి సమగ్ర శిక్ష జిల్లా ప్రాజెక్టు ఆఫీసుకి చేరింది, రసీదు మా దగ్గరుంది. జవాబు వచ్చేదాకా మహిళా సంఘం తన వాటా ఆపకుండా కడుతోంది.